యూరప్ బ్రూమ్ పొదలు: ఏది సైటిసస్, ఏది జెనిస్టా, ఏది స్పార్టియం?

పచ్చగన్నేరు (ఎడిన్‌బరో)
అందరికీ నమస్కారం. మే నెల వచ్చేసరికి ఇక్కడి కొండలు ఎటు చూసినా పసుపే. ఆర్థర్స్ సీట్ కొండ మీద ఉన్నవి ముళ్ల పొదలు, అది గోర్స్ అని అందరూ చెప్తారు, దాంతో నాకు ఇబ్బంది లేదు. పెంట్‌లాండ్ కొండల వైపు నడిస్తే ముళ్లు లేని పొదలు కనిపిస్తాయి, వీటిని బ్రూమ్ అంటారు. నిటారుగా, నాకంటే ఎత్తు. ఆకులు ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి, కొమ్మలే పచ్చగా ఉంటాయి. ఫోన్ యాప్‌లో ఒక ఫొటో పెడితే సైటిసస్ స్కోపేరియస్ అంది. అదే పొద ఇంకో ఫొటో పెడితే స్పార్టియం, మూడోదానికి జెనిస్టా. పాత పుస్తకం తిరగేస్తే అందులో సారోథామ్నస్ అని నాలుగో పేరు. ఇవన్నీ ఒకటేనా, వేరువేరా? చేత్తో పట్టుకుని తేల్చుకునే పద్ధతి ఏమైనా ఉంటే చెప్పండి.

కొండవాగు (మాంట్‌పెల్లియే)
పచ్చగన్నేరు గారూ, పువ్వు ముందు భాగం ఫొటో ఎన్ని పెట్టినా యాప్ తడబడుతూనే ఉంటుంది. ఈ గుంపులో పువ్వులన్నీ ఒకే అచ్చు. పైన ధ్వజం అనే రేక, పక్కల బాహువులనే రెండు రేకులు, కింద పడవలాంటి ద్రోణి, దాదాపు అన్నీ పసుపే. తేడాలన్నీ మనం చూడని చోట ఉంటాయి. కొమ్మ అడ్డకోత, పువ్వుని వెనక గిన్నెలా పట్టుకుని ఉండే రక్షకపత్రావళి, కాయ మీది నూగు, గింజ మీద చిన్న బొడిపె. నేను ఈ వరుసలోనే చూస్తాను.

ముందు కొమ్మ. ఈ ఏడాది పెరిగిన లేత కొమ్మని వేళ్ల మధ్య పెట్టి తిప్పండి. కోణాలు తగులుతాయా, నున్నగా గుండ్రంగా దొర్లుతుందా? అయిదు కోణాలు స్పష్టంగా తగిలితే సైటిసస్ స్కోపేరియస్ వైపు మొగ్గొచ్చు. బ్లేడుతో అడ్డంగా కోస్తే అయిదు మూలలు కంటికే కనిపిస్తాయి. ఎనిమిది నుంచి పది గీతలు, ఉబ్బి తెల్లటి నూగు దట్టంగా కప్పిన కాయ, కాస్త లేత పసుపు పువ్వు ఉంటే అది పోర్చుగీస్ బ్రూమ్, సైటిసస్ స్ట్రయేటస్. ఐబీరియా, అంటే స్పెయిన్, పోర్చుగల్ వైపు దానిది. కొమ్మ గుండ్రంగా, సన్నటి చారలతో ఉంటే స్పార్టియం జున్సియం, అంటే స్పానిష్ బ్రూమ్.

పువ్వులు లేని జనవరిలో కూడా చేయగలిగిన పరీక్ష ఇది. అందుకే మొదట చెప్పాను.

తంగేడు (నేపుల్స్)
మాకు ఇక్కడ వెసూవియస్ వాలు మీద కనిపించేది ఆ గుండ్రటి కొమ్మదే. ఇటలీ వాళ్లు జినెస్త్రా అంటారు. జూన్ మొదట్లో వాసన గుప్పుమంటుంది, మెట్టదారిలో వంపు తిరగకముందే తెలిసిపోతుంది. కొమ్మ విరిస్తే లోపల తెల్లటి బెండు కూడా ఉంటుంది. పువ్వు పెద్దది, రెండు సెంటీమీటర్లకి పైనే. కొమ్మ చివర గెలలాగా వరుసగా పూస్తాయి.

పచ్చగన్నేరు గారి పొదకి పువ్వులు కొమ్మ చివర గెలగా ఉన్నాయా, కొమ్మ పొడవునా ఆకు మొదట్లో ఒకటీ రెండూ చొప్పున ఉన్నాయా? అది చూస్తే సగం తేలిపోతుంది.

కొండవాగు (మాంట్‌పెల్లియే)
తంగేడు గారు మంచి ప్రశ్న అడిగారు. దానికి తోడు పువ్వుని వెనక్కి తిప్పి రక్షకపత్రావళి చూడండి. ఈ గుంపు వర్గీకరణలో సగం గొడవ అక్కడే నడిచింది.

స్పార్టియంలో అది పైవైపు అడుగుదాకా చీలిపోయి, ఒకే పెదవిగా కిందికి ఉంటుంది. చివర అయిదు చిన్న పళ్లు. ఈ గుంపులో ఇలాంటిది ఇంకెక్కడా పొరపడేంత దగ్గరగా కనిపించదు. ప్రజాతి అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు, ఈ ప్రజాతిలో మాత్రం ఉన్నది ఒక్క జాతే, స్పార్టియం జున్సియం.

సైటిసస్‌లో రెండు పెదవులు ఉంటాయి, పై పెదవికి రెండు పొట్టి పళ్లు మాత్రమే. జెనిస్టాలోనూ రెండు పెదవులే, కానీ పై పెదవి లోతుగా రెండుగా చీలి ఉంటుంది, కింది దానికి మూడు పళ్లు. పది రెట్లు పెద్దది చేసే చేతి లెన్సు ఉంటే చాలు.

గోర్స్ అంటే యూలెక్స్. దీనిలో రక్షకపత్రావళే పసుపు రంగులో, నూగుతో, అడుగుదాకా రెండుగా చీలి, పువ్వు పొడవులో ఎక్కువ భాగం వస్తుంది. ముళ్లు చూసి గోర్స్ అనేయకండి. జెనిస్టా ఆంగ్లికాకీ ముళ్లున్నాయి, స్పానిష్ గోర్స్ అని పిలిచే జెనిస్టా హిస్పానికాకీ ఉన్నాయి, మధ్యధరా తీరాల్లో కాలికోటోమ్‌కీ ఉన్నాయి. పువ్వు వెనక రంగు పసుపా పచ్చా అన్నది చూస్తే ఆ తికమక పోతుంది.

వేపపుల్ల (సియాటిల్)
స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లు దాని పుట్టింట్లో చూస్తున్నారు, అదృష్టవంతులు. మాకు వాషింగ్టన్ రాష్ట్రంలో రోడ్ల పక్కన మైళ్లకి మైళ్లు ఇదే. ఇక్కడ స్కాచ్ బ్రూమ్ అంటారు. పీకేస్తే మళ్లీ మొలుస్తుంది. కాయ నల్లగా ముదిరాక ఎండ పూట దగ్గర నిలబడితే టప్ టప్ మని పగిలే చప్పుడు వినిపిస్తుంది.

నల్లమల (ఫ్రైబుర్గ్)
జర్మనీ వైపు నుంచి రెండు మాటలు. ఐఫెల్ కొండల్లో మే, జూన్ నెలల్లో ఈ స్కోపేరియస్ పూతని ఐఫెల్ బంగారం అనే పిలుస్తారు. మేం ఉండే బ్లాక్ ఫారెస్ట్ వైపు పచ్చిక బయళ్లలో ఇంకోటి ఉంది, జెనిస్టా సాజిటాలిస్. నేలబారు మొక్క, జానెడు లేస్తే గొప్ప. కాండానికి రెండు వైపులా పచ్చటి రెక్కలు అతికించినట్టు ఉంటాయి, ఆకు వచ్చే ప్రతి కణుపు దగ్గర ఆ రెక్క తెగి మళ్లీ మొదలవుతుంది. దాన్ని చూశాక ఇంక దేనితోనూ పొరపడరు. దీన్నే కొందరు కెమెస్పార్టియం అని వేరే ప్రజాతిలో పెట్టారు.

అసలు నాకు అర్థం కానిది ఇదే. రెక్కల కాండం అంత ప్రత్యేకంగా ఉంటే వేరే ప్రజాతిగా ఉంచడంలో తప్పేముంది? అన్నీ కలిపి జెనిస్టాలో పోస్తే ఆ పేరు చూసి మొక్క ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి ఏం మిగులుతుంది?

కొండవాగు (మాంట్‌పెల్లియే)
నల్లమల గారూ, మీ బాధ న్యాయమైనదే. కానీ ప్రజాతి అంటే ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన సంతానం మొత్తం ఉండాలి అన్నది ఇప్పటి నియమం. డీఎన్ఏ పోల్చి చూస్తే ఆ రెక్కల మొక్క జెనిస్టా కొమ్మల మధ్యలోంచే మొలిచింది. దాన్ని బయటికి తీస్తే మిగిలిన జెనిస్టా చిల్లుపడిన గుంపు అవుతుంది. రెక్క కంటికి ఎంత కొట్టొచ్చినట్టున్నా అది ఒక్క లక్షణమే.

మా ఊరి పేరు పెట్టుకున్న మొక్కే దీనికి మంచి ఉదాహరణ. ఫ్రెంచ్ బ్రూమ్. మొక్కలకి రెండు మాటల లాటిన్ పేర్లు పెట్టిన లినేయస్ 1753లో దాన్ని సైటిసస్ మాన్స్పెస్సులానస్, అంటే మాంట్‌పెల్లియే సైటిసస్ అన్నాడు. తర్వాత అది టెలీన్ అనే ప్రజాతిలోకి పోయింది, ఇప్పుడు జెనిస్టా మాన్స్పెస్సులానా. ఎందుకిలా తిరిగిందంటే, దాని రక్షకపత్రావళి పై పెదవి జెనిస్టాలో లాగా లోతుగా చీలి ఉంటుంది, గింజ మీద మాత్రం సైటిసస్‌లో లాగా కండగల బొడిపె ఉంటుంది. పెదవిని నమ్మినవాళ్లు ఒకటన్నారు, గింజని నమ్మినవాళ్లు ఇంకోటి అన్నారు, రెండూ నమ్మినవాళ్లు మూడో ప్రజాతి కట్టారు. ముగ్గురూ మొక్కని సరిగ్గానే చూశారు. 1968లో వచ్చిన ఫ్లోరా యూరోపియా అనే యూరప్ మొక్కల పుస్తకం రెండో సంపుటంలో కూడా టెలీన్ అనే ఉంది. అందుకని పాత పుస్తకం చేతిలో ఉన్నవాళ్లు కంగారు పడక్కర్లేదు. అందులోని వర్ణన ఇప్పటికీ పనికొస్తుంది, పేరు ఒక్కటే మార్చుకోవాలి.

పచ్చగన్నేరు (ఎడిన్‌బరో)
ఈ ఆదివారం వెళ్లి చూసొచ్చాను. కొమ్మకి అయిదు కోణాలు, సందేహం లేదు. పువ్వులు కొమ్మ పొడవునా, ఒక్కోటి, అక్కడక్కడ జంటగా. కింద కొమ్మలకి మూడు పత్రకాల ఆకులు, పైకి పోయేకొద్దీ ఒంటి ఆకులు. రక్షకపత్రావళి పొట్టిది, నూగు లేదు, రెండు పెదవులు. పోయినేటి కాయ పెంకు ఒకటి దొరికింది. నల్లగా ఉంది, పక్కలు నున్నగా ఉన్నాయి, అంచుల వెంట మాత్రం పొడుగాటి వెంట్రుకలు కనురెప్పలకి ఉన్నట్టు ఉన్నాయి.

ఇంకో వింత. కొన్ని పువ్వుల్లో పొడుగాటి తీగలాంటిది చుట్టలు చుట్టుకుని బయటికి వచ్చేసి ఉంది, కొన్నింట్లో లేదు. రెండు రకాల పొదలా ఇవి?

కొండవాగు (మాంట్‌పెల్లియే)
ఒకే పొద. అంచులకే వెంట్రుకలున్న నల్లటి కాయ చూశాక సైటిసస్ స్కోపేరియస్ అని రాసేసుకోండి.

మీరు చూసిన ఆ చుట్ట కీలం, అంటే పుప్పొడి అందుకునే ఆడభాగపు కాడ. ఇది ఈ మొక్కలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. మొగ్గ విచ్చుకున్నాక కూడా ద్రోణి మూసుకునే ఉంటుంది, లోపల కీలమూ కేసరాలూ బిగించిన స్ప్రింగులా ఒత్తిడి మీద ఉంటాయి. బరువైన బంబుల్ తేనెటీగ వచ్చి బాహువుల మీద వాలి కాళ్లతో తోసినప్పుడు ద్రోణి పై అతుకు విడిపోతుంది. మొదట పొట్టి కేసరాలు బయటికి దూకి ఈగ పొట్ట కింద పుప్పొడి కొడతాయి. చీలిక ఇంకాస్త ముందుకు పోగానే పొడుగు కేసరాలు, కీలం విదిలించుకుని వచ్చి వీపు మీద తగులుతాయి. ముందు వాలిన పువ్వు పుప్పొడి వీపు మీద ఉంటే అది కీలం కొనకి అంటుకుంటుంది. ఒక్కసారి పేలిన పువ్వు మళ్లీ మూసుకోదు, కీలం చుట్టుకుపోయి అలాగే ఉంటుంది. చుట్ట కనిపించినవి ఈగ వచ్చి వెళ్లిన పువ్వులు, కనిపించనివి ఇంకా ఎదురుచూస్తున్నవి. ఇంత చేసినా ఈగకి తేనె దొరకదు, దీనిలో మకరందం లేదు. పుప్పొడి కోసమే వస్తుంది.

ఈసారి మూసుకున్న పువ్వు ఒకటి తీసుకుని అగ్గిపుల్లతో ద్రోణి మొదట్లో మెల్లగా నొక్కి చూడండి. మీ వేలి మీదే కొడుతుంది.

గోదారిలంక (రాజమహేంద్రవరం)
చాలా ఏళ్లు ఇంటర్ పిల్లలకి వృక్షశాస్త్రం చెప్పినవాణ్ని, ఒక మాట కలుపుతాను. ఈ పొదలన్నీ చిక్కుడు కుటుంబానివే. ఆ కుటుంబం అనగానే మన పిల్లలు కేసరాలు తొమ్మిది ఒక కట్ట, ఒకటి విడిగా, ద్విబంధకం అని రాసేస్తారు. బఠాణీకి, చిక్కుడుకి అది నిజం. ఈ బ్రూమ్ తెగకి కాదు. జెనిస్టే తెగలో పది కేసరాలూ కలిసి ఒకే గొట్టం, ఏకబంధకం. కేసరాల కొనల్లో పుప్పొడి ఉండే పరాగకోశాలు కూడా ఒకటి పొడుగు ఒకటి పొట్టి, మార్చి మార్చి ఉంటాయి. కొండవాగు గారు చెప్పిన పొట్టి కేసరాలు ముందు, పొడుగువి తర్వాత అన్నది అందువల్లే.

ఇది చూడటానికి యూరప్ వెళ్లక్కర్లేదు. మన పొలంలో పచ్చిరొట్టకి వేసే జనుము పువ్వు విప్పండి. పది కేసరాల గొట్టం, రెండు రకాల పరాగకోశాలు అందులోనూ ఉంటాయి. జనుము, గిలిగిచ్చ ఉండే క్రోటలేరియే తెగ ఈ జెనిస్టే తెగకి దగ్గరి చుట్టం. పిల్లలకి మైక్రోస్కోపు కింద చూపించడానికి దీన్ని మించిన పువ్వు మన దగ్గర లేదని నా అభిప్రాయం.

వేపపుల్ల (సియాటిల్)
మాస్టారూ, లుపిన్ కూడా ఈ తెగేనా? ఇక్కడ కొండల మీద నీలంగా పూస్తుంది.

గోదారిలంక (రాజమహేంద్రవరం)
అవునండీ, లుపైనస్ కూడా జెనిస్టేలోనే.

సీమచింత (ఓక్లాండ్, కాలిఫోర్నియా)
ఆ మాంట్‌పెల్లియే మొక్క మా ఊరి కొండల నిండా ఉంది. స్కాచ్, స్పానిష్, పోర్చుగీస్, ఫ్రెంచ్, నాలుగూ ఈ రాష్ట్రంలో కలుపే. వాలంటీర్లతో కలిసి పీకడానికి వెళ్తుంటాను కాబట్టి దూరం నుంచే ఫ్రెంచ్‌ది పోల్చుకుంటున్నాను. మిగతా మూడూ కొమ్మలే పచ్చగా కనిపించే పొదలు, ఇది నిండా ఆకులతో ఉంటుంది. ఆకులన్నీ మూడు పత్రకాలవే. పువ్వు చిన్నది, ఒక సెంటీమీటరు, కొన్ని కలిసి చిన్న గుత్తిగా వస్తాయి. కాయ పొట్టిది, ఒళ్లంతా నూగు. స్కాచ్‌కి అంచులు మాత్రమే, దీనికి ఒళ్లంతా, పోర్చుగీస్‌కి ఒళ్లంతా ఇంకా దట్టంగా దూదిలా. స్పానిష్ కాయ పొడుగ్గా బల్లపరుపుగా, దాదాపు నున్నగా. కాయ దొరికితే పువ్వు కోసం ఎదురు చూడక్కర్లేదని కొత్తగా వచ్చేవాళ్లకి చెప్తుంటాను.

ఒక సందేహం. గింజ మీద బొడిపె అన్నారు, అదెందుకు?

కొండవాగు (మాంట్‌పెల్లియే)
చీమల కోసం. అందులో కొవ్వు ఉంటుంది. కాయ పగిలినప్పుడు గింజ కొన్ని మీటర్లు ఎగిరి పడుతుంది, అక్కడి నుంచి చీమలు ఆ బొడిపె కోసం పుట్టకి మోసుకెళ్తాయి. తినాల్సింది తిని గింజని వదిలేస్తాయి. పైతోలు గట్టిది కాబట్టి మట్టిలో దశాబ్దాలు బతికి ఉంటుంది. మీరు పొద పీకిన చోట కొన్నేళ్ల తర్వాత మళ్లీ లేచేది అందుకే.

పేర్ల వరుస కూడా చెప్పేస్తాను, పచ్చగన్నేరు గారు అడిగారు. లినేయస్ 1753లో దీన్ని స్పార్టియం స్కోపేరియం అన్నాడు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లామార్క్ జెనిస్టాలో పెట్టాడు. జర్మన్ శాస్త్రవేత్త లింక్ 1822లో సైటిసస్‌కి మార్చాడు. ఆ తర్వాత చుట్టుకునే కీలాన్ని చూసి సారోథామ్నస్ అని వేరు చేశారు. ఇప్పుడు మళ్లీ లింక్ మాటకే వచ్చాం. మీ యాప్ చెప్పిన మూడు పేర్లూ, పుస్తకంలోదీ, నాలుగూ ఏదో ఒక కాలంలో ఈ మొక్క మోసినవే.

నల్లమల (ఫ్రైబుర్గ్)
కెమెసైటిసస్ సంగతి కూడా అంతేనా? ఇక్కడి పుస్తకాల్లో అది ఒక పెద్ద ప్రజాతి. రక్షకపత్రావళి పొడుగాటి గొట్టంలా ఉంటుంది, కొమ్మలు గుండ్రం, ఆకులన్నీ మూడు పత్రకాలవి. నాకైతే స్కోపేరియస్‌తో దానికి పోలికే కనిపించదు.

కొండవాగు (మాంట్‌పెల్లియే)
దాన్ని ఇప్పుడు ఎక్కువమంది సైటిసస్‌లో ఒక విభాగంగా చూస్తున్నారు, మధ్య, తూర్పు యూరప్ పుస్తకాల్లో మాత్రం వేరుగా కనిపిస్తూనే ఉంది. అక్కడ జాతుల మధ్య హద్దులు కూడా అంత గట్టివి కావు, నూగు, పువ్వుల అమరిక చూసి ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్తారు. పొలంలో గుర్తించడానికి గొట్టంలాంటి రక్షకపత్రావళి చక్కటి గుర్తు, మీరు కెమెసైటిసస్ అని నోట్సులో రాసుకున్నా ఎవరూ తప్పు పట్టరు.

తంగేడు (నేపుల్స్)
వెసూవియస్ మీద ఇంకోటి ఉంది, దాన్ని స్పార్టియం అనుకునేవాళ్లు ఎక్కువ. జెనిస్టా ఎట్నెన్సిస్. సొంతూరు సిసిలీ, సార్డీనియా, లావా నేలని పట్టి ఉంచడానికి ఇక్కడ నాటారు. ఇది పొద కాదు, చెట్టే. సన్నటి కొమ్మలు వేలాడుతుంటాయి, ఆకులు దాదాపు కనిపించవు. స్పార్టియం పూత అయిపోతుండగా జూలైలో ఇది అందుకుంటుంది. పువ్వు చిన్నది, కాయ పొట్టిది, రెండు మూడు గింజలు, చివర వంకర ముక్కు. కాయ చూస్తే ఇద్దరి మధ్య తగాదా ఉండదు.

స్పార్టియం కొమ్మల నుంచి దక్షిణ ఇటలీ పల్లెల్లో నార తీసి గుడ్డ నేసేవాళ్లు. కాలాబ్రియాలో ఆ నేత గుడ్డ నేను చేత్తో పట్టుకుని చూశాను, గోనెకన్నా మెత్తగా, నారబట్టకన్నా గరుకుగా ఉంది.

మునగపువ్వు (హైదరాబాద్)
నేను నూలుకి మొక్కల రంగులు వేస్తాను. జెనిస్టా టింక్టోరియా నుంచి పసుపు వస్తుందని విన్నాను, అది కూడా ఈ పొదేనా?

కొండవాగు (మాంట్‌పెల్లియే)
ఇదే ప్రజాతి, వేరే జాతి. మోకాలెత్తు మొక్క, ముళ్లు ఉండవు, ఆకులు ఒంటివి, సన్నగా బల్లెం మొనలా, కొమ్మ చివర పూల గెల, కాయ సాధారణంగా నున్నగా. పసుపు రంగునిచ్చేది అందులోని లూటియోలిన్. ఇంగ్లాండ్‌లో కెండల్ ఊరి పచ్చబట్టకి పేరు రావడానికి కారణం ఇదే, ఈ పసుపు మీద వోడ్ అనే మొక్క నీలం వేసేవాళ్లు. సోయాబీన్ గురించి చెప్పేటప్పుడు డాక్టర్లు జెనిస్టీన్ అంటారే, ఆ పదార్థాన్ని 1899లో మొదట విడదీసింది ఈ మొక్క నుంచే, పేరూ దీనిదే.

సీమచింత (ఓక్లాండ్, కాలిఫోర్నియా)
నర్సరీల్లో జెనిస్టా అని చిన్న కుండీల్లో అమ్ముతారు, సువాసన బాగుంటుంది. అది ఏది?

కొండవాగు (మాంట్‌పెల్లియే)
చాలావరకు అది జెనిస్టా స్పాకియానా, కానరీ దీవుల జాతుల సంకరం. గట్టి మంచుకి ఆగదు. లేబుల్ మీద సైటిసస్ అని ఉన్నా, జెనిస్టా అని ఉన్నా అదే మొక్క కావచ్చు.

నర్సరీ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. లాబర్నమ్ కూడా ఈ తెగదే, వేలాడే పసుపు గెలల చెట్టు. మన రేల చెట్టులా ఉందని మనవాళ్లు ఇళ్లలో పెంచుకుంటున్నారు. దాని గింజల్లో సైటిసిన్ అనే విషం ఉంటుంది. కాయలు పిల్లలు చిక్కుడనుకుని నోట్లో పెట్టుకునేలా ఉంటాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు. బ్రూమ్‌లోనూ స్పార్టీన్ అనే విషపదార్థం ఉంది, పూలు కషాయం కాచుకోమని ఎవరైనా వీడియోలో చెప్తే వినకండి.

నల్లమల (ఫ్రైబుర్గ్)
లాబర్నమ్, బ్రూమ్ కలిసిన చెట్టొకటి ఇక్కడి బొటానికల్ గార్డెన్‌లో చూపించారు. ఒకే చెట్టుకి పసుపు గెలలు, ఊదా చిన్న పువ్వులు, రెండిటి మధ్య రంగు గెలలు. నమ్మబుద్ధి కాలేదు.

కొండవాగు (మాంట్‌పెల్లియే)
దాన్ని ఆడమీ అంటారు. 1825లో పారిస్ దగ్గర విత్రీలో ఆడమ్ అనే నర్సరీ ఆయన లాబర్నమ్ మీద ఊదా బ్రూమ్ అంటు కట్టాడు, అంటు దగ్గర రెండు మొక్కల కణాలూ కలిసి ఒక కొమ్మ వచ్చింది. అది సంకరం కాదు. లోపల లాబర్నమ్, పైపొర బ్రూమ్. ఆ పొరల లెక్క తప్పిన చోట ఏదో ఒక తల్లి మొక్క కొమ్మ విడిగా బయటపడుతుంది. డార్విన్ కూడా దీని మీద రాశాడు.

మునగపువ్వు (హైదరాబాద్)
వచ్చే నెల ఊటీ వెళ్తున్నాం. అక్కడ కూడా బ్రూమ్ ఉందంటున్నారు, నిజమేనా?

గోదారిలంక (రాజమహేంద్రవరం)
ఉందండీ. బ్రిటిష్ వాళ్ల కాలంలో తెచ్చి నాటినవి. సైటిసస్ స్కోపేరియస్, గోర్స్, రెండూ పైనీలగిరుల్లో గడ్డి మైదానాలని ఆక్రమించాయి. కురింజి పూసే గడ్డి నేలలవి. అడవి శాఖ పీకిస్తున్నా మట్టిలో గింజ ఉంది కాబట్టి తేలిగ్గా పోయేది కాదు.

మీరు అక్కడ ఒక తికమక పడే వీలుంది. నీలగిరులకి సొంతమైన గిలిగిచ్చ జాతులు కొన్ని పొదలే, పువ్వు పసుపే. దూరం నుంచి బ్రూమ్ అనిపిస్తాయి. గిలిగిచ్చ కాయ బుడగలా ఉబ్బి ఉంటుంది, ఎండితే లోపల గింజలు గలగలలాడతాయి, ద్రోణి చివర మెలితిరిగిన ముక్కు ఉంటుంది. బ్రూమ్ కాయ బల్లపరుపు, నలుపు, అంచులకి వెంట్రుకలు, కొమ్మకి అయిదు కోణాలు. ఇది పీకాల్సిన మొక్క, అది కాపాడాల్సిన మొక్క. అక్కడ పొద పీకే పనిలో ఎవరైనా కనిపిస్తే ఈ రెండు గుర్తులూ వాళ్లకి తెలుసో లేదో అడగండి.

మునగపువ్వు (హైదరాబాద్)
తప్పకుండా మాస్టారూ. కాయలు దొరికితే ఫొటోలు తీస్తాను, ఏ వైపు నుంచి తీయమంటారు?

గోదారిలంక (రాజమహేంద్రవరం)
కాయ పక్క నుంచి ఒకటి, అంచు మీద నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి. లేత కొమ్మ అడ్డకోత ఒకటి. పువ్వుంటే వెనక నుంచి. ముదిరిన కాయలు సంచిలో వేసుకుని హైదరాబాద్ తేకండి, ఫొటో చాలు.